మొదట ఆపడం నేర్పండి

చిన్న పాలిష్ యూనిట్‌లో కొత్తగా చేరినవాడికి గురువు పక్క మిషన్ మీది మనిషే. బండను ట్రాలీ మీదికి ఎలా ఎక్కించాలి, బ్లేడు మీదికి నీళ్లెంత వదలాలి, మూల విరగకుండా ఎలా తోయాలి... ఇవన్నీ చూస్తూ చూస్తూ పట్టుబడతాయి. మిషన్ నడపడం అలా వచ్చేస్తుంది. ఆపదలో ఆపడం రాదు. అది రోజూ జరిగే పని కాదు కదా, చూసి నేర్చుకోవడానికి!

తెలంగాణలోని తాండూరులో నేల కింద పొరలు పొరలుగా సున్నపురాయి. పలకలుగా లేస్తే నాపరాయి, ఇంటింటా గచ్చు. పొడి చేసి కాలిస్తే సిమెంటు. అక్కడి కరన్‌కోటలోని సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (సీసీఐ) ఫ్యాక్టరీ ఆ రాయి మీద నిలబడిందే. రాయి ఒకటే, పని లోకాలు రెండు. సిమెంటు ఫ్యాక్టరీల్లో కన్వేయర్ బెల్టు వెంబడి ఒక తాడు కడతారు. ఎక్కడ నిలబడి లాగినా బెల్టు ఆగుతుంది. మరమ్మతుకు దిగేవాడు మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి తన తాళం తానే వేసుకుని, చెవి జేబులో పెట్టుకుని దిగాలన్నది అక్కడి పద్ధతి. చిన్న షెడ్డులో తాళం మాట అటుంచి, పుల్లీకి గార్డు ఉంటే అదే పదివేలు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ విషయంలో చాలా సూటిగా మాట్లాడింది. తిరుగుతున్న యంత్రం దగ్గర పరిశీలనకో, గ్రీజు పెట్టడానికో వెళ్లేది ప్రత్యేక శిక్షణ పొందిన మనిషే కావాలి. అతని ఒంటి మీద బిగుతు బట్టలుండాలి, వాటిని యజమానే ఇవ్వాలి అంది 22వ సెక్షన్. లుంగీ మీద, భుజాన తువ్వాలుతో పని చేసేవాళ్లను చూస్తే ఆ బట్టల మాట ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. అయితే కరెంటు వాడే చోట 10 మంది ఉంటేనే ఆ చట్టం వర్తించేది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ గీతను 20కి జరిపింది. క్వారీల సంగతీ అంతే. సున్నపురాయి గుంత 6 మీటర్ల లోతు దాటకుండా, పనివాళ్లు 50 మందికి మించకుండా, పేలుడు మందు వాడకుండా ఉంటే 1952 గనుల చట్టం చాలా నిబంధనల నుంచి వదిలేసింది. చిన్న యజమానికి కాగితాల బరువు తగ్గించాలన్న వాదన అర్థం కానిది కాదు. కానీ తగ్గించింది కాగితాలనేనా?

నేర్పాల్సింది కొండంత లేదు. స్టార్టర్ ఎక్కడుంది, చీకట్లో తడిమినా చెయ్యి దాని మీదికే పోవాలి. బ్లేడును చల్లబరిచి, దుమ్మును అణిచే నీళ్లే కరెంటునూ మోసుకొస్తాయి కాబట్టి ఎర్తింగ్ ఎందుకో, లీకేజీని పసిగట్టి కట్ చేసే బ్రేకర్ ఎందుకో చెప్పాలి. మిషన్ల హోరులో కేక వినబడదు. రెండు చేతులూ పైకెత్తితే ఎవరైనా సరే స్విచ్ కట్టేయాలన్న ఒప్పందం కావాలి. తెలుగు, ఉర్దూ, కన్నడ కలగలిసిన ఈ సరిహద్దులో, ఉత్తరాది నుంచి వచ్చిన కూలీకి గోడ మీద తెలుగులో రాసిన హెచ్చరిక బోర్డు కన్నా ఆ సైగే నయం.

ఇక పక్కనున్న కొడంగల్ సంగతి. అక్కడి లగచర్ల భూముల్లో ఫార్మా పరిశ్రమల ప్రతిపాదన 2024 నవంబరులో గొడవల మధ్య వెనక్కి పోయి, పారిశ్రామిక పార్కు ముందుకొచ్చింది. భూమి ధర, పరిహారం, ఉద్యోగాల గురించి ఎన్నో మాటలు నడిచాయి. పొలం వదిలి మిషన్ ముందు నిలబడేవాడికి మొదటి రోజు ఎవరు నేర్పుతారన్న మాట మాత్రం పెద్దగా వినబడలేదు. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది. మంచిదే. రోబోలు, సీఎన్‌సీ మిషన్లు పదో తరగతి దాటిన కుర్రవాడికి అందుతాయి. నలభై ఏళ్ల బండల కూలీ ఐటీఐ గడప తొక్కడు. అతని దగ్గరికే పోవాలి.

డబ్బు లేదనడానికీ లేదు. గనుల ప్రభావం పడిన ఊళ్ల కోసం 2015 సవరణతో పుట్టిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధిలో నైపుణ్య శిక్షణ పెద్దపీట వేసిన పద్దుల్లో ఒకటి. తాండూరులో ఒక ఉమ్మడి షెడ్డు, అందులో ఒక కటింగ్ మిషన్, ఒక పాలిషింగ్ మిషన్, హిందీ కూడా వచ్చిన ఒక ఫిట్టరు. కొత్తవాడు యూనిట్‌లో అడుగుపెట్టే ముందు కూలీ పోకుండా రెండు రోజులు అక్కడ. ఆ రెండు రోజుల కూలీ ఎవరు కట్టాలన్న దగ్గరే బేరం మొదలవుతుంది. కట్టాల్సింది యజమానులూ, ఆ నిధీ చెరి సగం.