వాల్చిన గొట్టంలో అలలు

కింద బరువైన ద్రవం, పైన తేలికైన ద్రవం. రెండూ ఎదురెదురు దిశల్లో పారితే పొరలు పొరలుగానే ఉంటాయా, కలిసిపోతాయా? దీన్ని తేల్చడానికి పుట్టిన పరికరానికి పంపు లేదు, మోటారు లేదు. రెండు కొనలూ మూసిన పొడవాటి గొట్టం, అంతే.

1883లో మాంచెస్టర్ ఆచార్యుడు ఆస్బర్న్ రేనాల్డ్స్ తన ప్రసిద్ధ వ్యాసంలో దీన్ని వర్ణించాడు. ఐదడుగుల గాజు గొట్టంలో సగానికి కార్బన్ డైసల్ఫైడ్ పోసి, పైన నీళ్లు నింపి, బిరడాలు బిగించాడు. ఆ ద్రవం నీటికంటే పావువంతు ఎక్కువ బరువు. నీటిలో కలవదు కాబట్టి రెండింటి మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. గొట్టాన్ని పడుకోబెడితే బరువైన ద్రవం కింది సగమంతా పరుచుకుంటుంది. ఒక కొన కాస్త ఎత్తగానే బరువైనది దిగువకు జారుతుంది, నీరు ఎగువకు పాకుతుంది. వేగం ఒక హద్దు దాటిందంటే ఆ గీత మీద ఉన్నట్టుండి అలలు లేస్తాయి.

ఎందుకు? హెల్మ్‌హోల్ట్జ్ 1868లో, కెల్విన్ 1871లో ఈ చిక్కును గణితంతో పట్టుకున్నారు. వేగాల తేడా అలను పెంచుతుంది, సాంద్రతల తేడా అణచిపెడుతుంది. బరువైన ద్రవాన్ని పైకెత్తాలన్నా, తేలికైనదాన్ని కిందికి తొక్కాలన్నా శక్తి కావాలి. ఆ శక్తి వేగాల తేడా నుంచే రావాలి. చాలకపోతే అల చచ్చిపోతుంది. సాంద్రతల తేడా బలం వేగాల తేడా బలానికి ఎన్ని రెట్లో చెప్పే కొలత రిచర్డ్‌సన్ సంఖ్య. స్నిగ్ధతను పక్కన పెడితే, ప్రవాహమంతటా అది పావు కంటే ఎక్కువగా ఉంటే చిన్న కదలికలు పెరగలేవని 1961లో మైల్స్, హోవర్డ్ నిరూపించారు.

1960ల చివర ఇంగ్లండ్ సముద్ర శాస్త్రవేత్త స్టీవ్ థోర్ప్ ఈ గొట్టానికి మళ్లీ పని కల్పించాడు. ఈసారి కింద ఉప్పునీరు, పైన మంచినీరు. గొట్టం వాల్చిన తొలి క్షణంలో వేగాల తేడా సున్నా కనుక రిచర్డ్‌సన్ సంఖ్య అనంతం. ద్రవాలు జోరందుకునేకొద్దీ అది పడిపోతుంది. పావు కిందికి దిగాక నడిమి పొర వరసగా చాపలా చుట్టుకుని, విరిగి, కలగలిసిపోతుంది. కొనల గోడల దగ్గర పుట్టిన ఉరవడి నడిమికి చేరేలోపే ఇదంతా చూసెయ్యాలి. అదే రోజుల్లో మాల్టా దగ్గర సముద్రంలో రంగు వదిలి జాన్ వుడ్స్ ఇలాంటి చుట్టలనే చూశాడు.

అయితే సాంద్రతల తేడా ఎప్పుడూ కాపలాదారు కాదు. సాంద్రత మారే పొర బాగా పలచగా, వేగం మారే పొర మందంగా ఉంటే, బరువు తేడా ఎంతున్నా అలలు పుట్టగలవని 1962లో యోర్గెన్ హోమ్‌బో చూపాడు. ఆ పలచని పొరకు అటూ ఇటూ సాంద్రత దాదాపు మారదు, అక్కడ అడ్డుకునేది ఏమీ లేదు. ఈ అలలు చుట్టలు చుట్టవు. మొనదేలిన శిఖరాలతో చెరో దిక్కుకూ సాగిపోతాయి.

వేగాల తేడాకూ సాంద్రతల తేడాకూ మధ్య జరిగే ఈ పోటీ లెక్క మన బంగాళాఖాతానికీ వర్తిస్తుంది. వానలు, గంగా బ్రహ్మపుత్రల నుంచి గోదావరి, కృష్ణల దాకా నదులు తెచ్చే మంచినీరు పైన తేలికపాటి పొరగా నిలుస్తుంది. గాలి ఎంత కుదిపినా అడుగునున్న చల్లని నీరు సులువుగా పైకి రాదు. పైనీరు వెచ్చగానే ఉండి తుపానులకు మేత అవుతుంది. అందుకే తుపాను బలం అంచనాకు పైనీటి వేడి ఒక్కటే చాలదు, కింది పొరల్లో ఉప్పు ఎంతుందో కూడా కొలవాలి.