బియ్యం కోసమేనా? చరిత్ర విద్యార్థికి కొన్ని మొదటి పాఠాలు

చరిత్ర ఎం.ఏ.లో చేరిన మన పిల్లలకు 'పరిశోధనా పద్ధతులు' అని ఒక పేపరు ఉంటుంది. ప్రాథమిక ఆధారాలు, ద్వితీయ ఆధారాలు, బాహ్య విమర్శ, అంతర విమర్శ అంటూ నిర్వచనాలు బట్టీ పట్టి, పరీక్ష రాసి బయటపడతారు. ఆ మాటలు మన వాడ చరిత్రకు ఎట్లా పనికొస్తాయో క్లాసులో చెప్పేవాళ్లు తక్కువ. ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషికి అడిగి తెలుసుకునే దిక్కు కూడా ఉండదు. కరణాల ఇళ్లల్లో దస్త్రం చదవడం తాత నుంచి మనవడికి వచ్చింది. మన తాతలకు ఆ దస్త్రం కింద వేలిముద్ర వేయడమే తెలుసు. కాబట్టి ఈ విద్యను మనం మొదటి నుంచీ, ఉదాహరణ పెట్టుకుని నేర్చుకోవాల్సిందే.

ఉదాహరణకు ఒక్క సంఘటన తీసుకుందాం. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఏటిలో, ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. అప్పటికి 1876-78 మహాకరువు దక్షిణాదిని ఊడ్చేసింది. 'కరువులో బియ్యం కోసం మతం మారారు' అన్న మాట అప్పుడు పుట్టింది, ఇప్పటికీ చావలేదు. ఆ మాట నిజమా?

తీర్పును ప్రశ్నగా మార్చడం

'బియ్యం కోసం మారారు' అన్నది ప్రశ్న కాదు, తీర్పు. 'కాదు, ఆత్మగౌరవం కోసమే మారారు' అన్నదీ తీర్పే. మనకు ఇష్టమైన తీర్పు అయినంత మాత్రాన అది రుజువైపోదు. పరిశోధకుడు చేయాల్సిన మొదటి పని, తీర్పును ఆధారాలతో జవాబు చెప్పగల చిన్న చిన్న ప్రశ్నలుగా విడగొట్టడం. మాదిగల్లో ఈ కదలిక ఎప్పుడు మొదలైంది? కరువు ఎప్పుడు వచ్చింది? కరువు పని ఎవరు పెట్టారు? పని ఇస్తున్న రోజుల్లో బాప్తిస్మాలు ఇచ్చారా? వాడవాడకూ తిరిగి చెప్పింది ఎవరు? ఇట్లా అడిగితే ఏ కాగితం వెతకాలో తెలుస్తుంది.

ఏ జిల్లాలో వెతకాలి

కొత్త విద్యార్థి సర్కారు రికార్డు కోసం 'ప్రకాశం జిల్లా' అని అడుగుతాడు. 1878లో ఆ జిల్లా లేదు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కాబట్టి నెల్లూరు కలెక్టరు ఉత్తరాలు, మద్రాసు రెవెన్యూ బోర్డు కాగితాలు చూడాలి. అందుకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు పోవాలి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ కాగితాల నిలయం అమెరికాలో అట్లాంటాలో ఉంది. అంత దూరం పోలేని వాళ్లకు పాత మిషన్ పుస్తకాలు కొన్ని ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఏ ఊరి మీద పని చేసినా ముందు దాని జిల్లా, తాలూకా ఎన్నిసార్లు మారాయో ఒక కాగితం మీద రాసుకోండి. సగం తిరుగుడు తప్పుతుంది.

రాసింది ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం

దొరికిన ప్రతి కాగితాన్నీ ఈ మూడు ప్రశ్నలు అడగాలి. వెల్లంపల్లి గురించి ఎక్కువమంది చదివేది మిషనరీ జాన్ క్లౌ ఆత్మకథ. ఆయన 1910లో చనిపోయాడు. పుస్తకం 1914లో ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ చేతుల మీదుగా వచ్చింది. అంటే సంఘటనకు, పుస్తకానికి మధ్య 36 ఏళ్ల దూరం. చదవాల్సిన వాళ్లు అమెరికాలో ఉన్నారు, మిషన్‌కు చందాలు ఇచ్చేది వాళ్లే. అందుకని ఆ పుస్తకాన్ని అవతల పారేయనక్కర్లేదు. అందులో మిషన్‌కు పేరు తెచ్చే మాటలు ఏవో, రాసేవాళ్లు గొప్ప కోసం కాకుండా మామూలుగా చెప్పుకుపోయిన వివరాలు ఏవో వేరు చేయాలి. రెండో రకంలోనే మనకు ఎక్కువ సరుకు దొరుకుతుంది.

సర్కారు కాగితం సంగతీ అంతే. కరువు రికార్డు రాసింది ఖజానా లెక్క కోసం. ఎంతమంది పనికి వచ్చారు, కూలి ఎంత, ధాన్యం ఎంత అన్నది అందులో దొరుకుతుంది. పనికి వచ్చిన మనిషి మనసులో ఏముందో దొరకదు. ఆ పెట్టెలో లేని వస్తువు కోసం ఆ పెట్టెనే తిరగేస్తూ కూర్చోకూడదు.

తేదీలను వరసలో పెట్టడం

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ చాలా వాదాలు ఇక్కడే నిలబడతాయి, ఇక్కడే కూలిపోతాయి. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోలు వ్యాపారం చేసుకునే మనిషి, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకు ముందే ఆయన రాజయోగం చెప్పే గురువుల వెంట తిరిగాడు. 1899లో వచ్చిన ఎమ్మా క్లౌ పుస్తకం 'వైల్ సూయింగ్ శాండల్స్' ఈ గురు సంప్రదాయాల గురించి వివరంగా చెబుతుంది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం 8 మందితో మొదలైంది. కరువు వచ్చింది 1876లో. క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, కరువు జనానికి కూలి ఇచ్చాడు. పని, సాయం నడుస్తున్న దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశానని ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత 1878 జూలై. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని.

ఈ వరస చూస్తే ఒక సంగతి తేలుతుంది. కరువు కంటే పదేళ్ల ముందే కదలిక ఉంది. దానికీ ముందు మాదిగ వాడల్లో కొత్త దేవుడి కోసం, కొత్త గురువు కోసం వెతుకులాట ఉంది. ఈ మాటను ఊరికి మోసింది ఎక్కువగా మాదిగలే. అయితే కరువును పక్కకు నెట్టేయలేం. వందల్లో నడుస్తున్నది వేలల్లోకి పోవడానికి కరువుకు సంబంధం ఉంది. పైగా 15 నెలలు ఆపానన్నది క్లౌ సొంత మాట. 'బియ్యం' నింద ఆయన మీద కూడా ఉంది కాబట్టి, ఆ మాట చెప్పుకోవాల్సిన అవసరం ఆయనకు ఉంది. దాన్ని ఆ ఏళ్ల మిషన్ వార్షిక నివేదికలతో సరిచూసే దాకా మన రాతలో 'క్లౌ చెప్పిన ప్రకారం' అనే రాయాలి.

సంఘంలో చేరినవాళ్లకు క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను మొక్కకూడదు. మతచరిత్ర చదివేవాళ్లు మూడోదాని దగ్గర ఆగుతారు. వెట్టి తెలిసిన ఇంటి పిల్లలు మొదటి రెండింటి దగ్గర ఆగుతారు. ఊరు పిలిచినప్పుడల్లా పోవాల్సిన మనిషి వారంలో ఒక రోజు 'రాను' అంటే ఆసామి ఊరుకుంటాడా? కక్షలు వచ్చాయి. ఒకే కాగితంలో మతమూ ఉంది, పని సంబంధమూ ఉంది. మన బతుకు అనుభవం పనికొచ్చేది ఇక్కడే. అది ఎక్కడ ఆగి చూడాలో చెబుతుంది. ఆధారం మాత్రం కాగితంలోనో నోటి మాటలోనో చూపించాలి.

ముసలోళ్ల మాటకూ అదే పరీక్ష

మౌఖిక చరిత్ర అంటే మనవాళ్లకు ఉత్సాహం. మంచిదే. కానీ ముసలమ్మ చెప్పింది కాబట్టి నిజం అనుకోవడం ఆమెకు గౌరవం కాదు. కరణం రాతను ఎంత గట్టిగా అడుగుతామో ఆమె మాటనూ అంతే అడగాలి. పెద్దలు 'ధాత కరువు' అంటారు. ధాత 60 ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. 1876-77 ధాత, 1936-37 కూడా ధాతే. ఏది అని తేల్చుకోవడానికి 'అప్పటికి మీ నాయన పుట్టాడా, కాలవ తవ్వారా' అని అడగాలి. కొందరు 'డొక్కల కరువులో దొర కాలవ తవ్వించాడు' అంటారు. డొక్కల కరువు 1832-33 నాటిది. క్లౌ ఒంగోలు వచ్చిందే 1866లో. రెండు కరువులు జ్ఞాపకంలో ఒకటైపోయాయన్నమాట. తేదీ తప్పిందని ఆ మాటను కొట్టేయొద్దు. డప్పు కొట్టనని మొదట అన్నది ఎవరు, వాళ్లను బావి దగ్గరకు రానీయకుండా చేసింది ఎవరు అన్నవి ఏ కలెక్టరూ రాయలేదు. అవి ఆ జ్ఞాపకంలోనే దొరకొచ్చు. చెప్పినవాళ్ల అనుమతితో పేరు, వయసు, ఊరు, తేదీ రాసుకుని, మాటను వాళ్ల యాసలోనే ఎక్కించండి. గ్రాంథికంలోకి దిద్దితే ఆధారం చెడుతుంది.

అంబేద్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్' రాసినప్పుడు ఇదే చిక్కు ఎదుర్కొన్నాడు. నేరుగా ఆధారం లేని చోట చరిత్రకారుడు ఏం చేయాలని ముందుమాటలో చర్చించాడు. తెగిన లంకెల మధ్య ఊహను వాడొచ్చన్నాడు. అయితే అది ఊహేనని దాచకుండా, తన వాదాన్ని పాఠకుల పరీక్షకు పెట్టాడు. మనం నేర్చుకోవాల్సింది ఆ నిజాయితీ.

ఇంత కష్టం ఎందుకు

'బియ్యం క్రైస్తవులు' అన్న మాట పుస్తకాల్లోనే ఆగలేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు ఇప్పటికీ ఆ హోదా ఇవ్వడం లేదు. వాళ్ల హోదా మీద ఎప్పుడు చర్చ వచ్చినా, ఎర చూపితే పోయినవాళ్లన్న పాత నింద పైకి లేస్తుంది. దానికి ఆవేశంతో జవాబు చెబితే 'కథలు చెబుతున్నారు' అంటారు. పేరయ్య 1866, సంఘం 1867, కరువు 1876, గుండ్లకమ్మ 1878 అని వరసగా పెట్టి, ఏది తేలిందో ఏది తేలలేదో విడదీసి చెబితే, కొట్టేయడం అంత తేలిక కాదు.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు రెండు పనులు చేయండి. మీ ఊరి చర్చిలో పాత బాప్తిస్మ రిజిస్టరు ఉంటే, పాస్టరుగారిని అడిగి, మొదటి పది పేర్లూ తేదీలతో సహా ఎత్తి రాసుకోండి. పాత పేరు, కొత్త పేరు రెండూ ఉంటే రెండూ రాయండి. తర్వాత వాడలో అందరికంటే పెద్ద వయసు మనిషి దగ్గర కూర్చుని ఆ పేర్లు చదివి వినిపించండి. రిజిస్టరు ఎక్కడ ఆగిపోయిందో ఆ మనిషి అక్కణ్ణుంచి అందుకోవచ్చు.