ట్యాబ్‌లో ఆర్కెస్ట్రా.. నాలుగు స్వరాలు చాలు! టెకీలూ, అప్‌లోడ్ చేసే ముందు ఇది చదవండి

హైదరాబాద్: హైటెక్ సిటీలో షిఫ్ట్ ముగిసేసరికి రాత్రి తొమ్మిది. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే నాగోల్ చేరడానికి దాదాపు గంట. ఇయర్‌ఫోన్స్‌లో మాటల్లేని, బీట్ లేని, నెమ్మదైన మ్యూజిక్. కోడింగ్ చేసేటప్పుడు 'ఫోకస్' ప్లేలిస్ట్, పడుకునే ముందు 'స్లీప్' ప్లేలిస్ట్.. ఐటీ కారిడార్‌లో చాలామందికి ఇది రోజూ ఉండేదే. చిన్నప్పుడు వీణో, వయొలినో, కీబోర్డో నేర్చుకుని, ఇంజినీరింగ్‌లో చేరాక అటకెక్కించినవాళ్లకు మాత్రం ఓ ప్రశ్న వస్తుంది. 'ఇలాంటిది మనమే చేసుకోలేమా?' అని.

చేసుకోవచ్చు. అందుకు స్టూడియో అక్కర్లేదు, నలభై మంది వాయిద్యకారులూ అక్కర్లేదు. ఓ ట్యాబ్, హెడ్‌ఫోన్స్, సొంతంగా కూనిరాగం తీసిన నాలుగు స్వరాలు చాలు. అయితే ఆ నాలుగు స్వరాలు మీవే అయి ఉండాలి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

అసలేంటీ ఆంబియంట్ మ్యూజిక్?

గదిలో లైటింగ్‌లా వెనక ఉండిపోయే సంగీతం ఇది. శ్రద్ధగా వింటే వినొచ్చు, పట్టించుకోకపోయినా ఇబ్బంది పెట్టదు. ఈ పేరు బాగా ప్రచారంలోకి రావడానికి కారణం బ్రిటిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో. ఆయన 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' ఆల్బమ్ తెచ్చారు. వేర్వేరు పొడవులున్న టేప్ ముక్కలను లూప్‌లుగా తిప్పుతూ, అవి ఒకదానిమీద ఒకటి ఎలా పడితే అలా వినిపించేలా చేశారు. అప్పట్లో దానికి టేప్ మెషీన్లు కావాల్సి వచ్చింది. ఇప్పుడు అదే పని ట్యాబ్‌లో వేలితో చేసేయొచ్చు.

మోటిఫ్ అంటే?

ఒక్కసారి వింటే గుర్తుండిపోయే చిన్న స్వరాల ముక్కే మోటిఫ్. బీథోవెన్ ఐదో సింఫనీ మొదలయ్యేది నాలుగు స్వరాలతోనే. ఆ మొదటి భాగమంతా ఆ ముక్కను పట్టుకునే నడుస్తుంది.

మన దగ్గరా ఇది కొత్తేం కాదు. కాకినాడలో పుట్టిన వీణ చిట్టిబాబు వాయించిన 'కొమ్మలో కోయిల' గుర్తుందా? చెట్టు మీద కోయిల కూత లాంటి చిన్న పిలుపును వీణ తీగల మీద పలికించి, దాని చుట్టూ మొత్తం కృతి అల్లారు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇంకో ఉదాహరణ చెబితే వెంటనే అర్థమవుతుంది. రాగం తానం పల్లవిలో ఒకే పల్లవిని మూడు కాలాల్లో పాడతారు కదా. మోటిఫ్‌తో చేసేదీ దాదాపు అదే. స్వరాలు అవే ఉంటాయి, వేగం మారుతుంది, వాయిద్యం మారుతుంది.

ఏ యాప్ తీసుకోవాలి?

* ఐప్యాడ్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్‌తో మొదలుపెట్టొచ్చు. 2011లో ఐప్యాడ్‌కు వచ్చిన ఈ యాప్ 2017 నుంచి అందరికీ ఉచితం. ఇందులోని 'స్మార్ట్ స్ట్రింగ్స్'లో వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, డబుల్ బేస్ ఉంటాయి.
* ఇంకా లోతుగా వెళ్లాలనుకుంటే లాజిక్ ప్రో ఉంది. 2023 మేలో ఐప్యాడ్‌కు వచ్చింది. దీనికి సబ్‌స్క్రిప్షన్ కట్టాలి.
* స్టాఫ్ నొటేషన్ రాయడం వచ్చినవాళ్లకు స్టాఫ్‌ప్యాడ్. స్టైలస్‌తో చేత్తో రాస్తే అచ్చు నొటేషన్‌గా మార్చి, ఆర్కెస్ట్రా ధ్వనితో వినిపిస్తుంది.
* ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే బ్యాండ్‌ల్యాబ్, ఎఫ్‌ఎల్ స్టూడియో మొబైల్, క్యూబేసిస్ లాంటివి ఉన్నాయి.

హెడ్‌ఫోన్స్ విషయంలో ఓ జాగ్రత్త. రికార్డ్ చేసేటప్పుడు బ్లూటూత్ వద్దు. వేలు నొక్కిన తర్వాత శబ్దం కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది, దాంతో తాళం తప్పుతుంది. వైర్డ్ హెడ్‌ఫోన్స్ వాడితే ఆ తలనొప్పి ఉండదు.

స్టెప్ బై స్టెప్.. ఇలా చేయండి

1. ముందు పాడండి: ట్యాబ్ తెరవకముందే ఓ నాలుగు స్వరాలు కూనిరాగం తీసి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. మర్నాడు పొద్దున కూడా అది గుర్తుంటే మంచి మోటిఫ్ దొరికినట్టే.

2. మోహన స్వరాలతో మొదలుపెట్టండి: స, రి, గ, ప, ద. కీబోర్డ్‌పై స అంటే సీ అనుకుంటే సీ, డీ, ఈ, జీ, ఏ. ఈ ఐదింటిలో ఏ రెండు స్వరాల మధ్యా అర స్వరం తేడా ఉండదు. అందుకే ఒకదానిమీద ఒకటి పడ్డా గొంతులో ముల్లులా గుచ్చుకోవు. మన ఉదాహరణకు 'గ ప ద ప' తీసుకుందాం. గమకాలు లేకుండా వాయిస్తాం కాబట్టి దీన్ని మోహన రాగం అనలేం. ఆ స్వరాలను వాడుకుంటున్నామంతే.

3. టెంపో 60 పెట్టండి: నిమిషానికి 60 బీట్లు, అంటే బీట్‌కు ఒక సెకను. లెక్క తేలిక. గ్యారేజ్‌బ్యాండ్‌లో మామూలుగా సెక్షన్ 8 బార్లే ఉంటుంది. 5 నిమిషాల పీస్ కావాలంటే దాన్ని 75 బార్లకు పెంచుకోవాలి.

4. సాగదీయండి: వయొలిన్‌కు స్వరానికి ఒక బీట్ ఇవ్వండి, మోటిఫ్ 4 సెకన్లలో అయిపోతుంది. వయోలాకు స్వరానికి రెండు బీట్లు, మొత్తం 8 సెకన్లు. చెల్లోకు మొదటి రెండు స్వరాలే, ఒక్కోటి 4 బీట్లు. డబుల్ బేస్ కింద ఆధార షడ్జమం పట్టుకుని ఉంటే చాలు. కచేరీలో తంబురా చేసే పనే అది.

అసలు మ్యాజిక్ ఇక్కడే.. 7, 9, 11

ఈ మూడింటినీ ఒకే పొడవున లూప్ చేస్తే రెండు నిమిషాల్లో బోర్ కొట్టేస్తుంది. అందుకే నిశ్శబ్దం కలపాలి. వయొలిన్ నాలుగు బీట్ల తర్వాత మూడు బీట్లు ఖాళీ, అంటే 7 బీట్ల లూప్. వయోలా ఎనిమిదికి ఒకటి కలిపితే 9. చెల్లో ఎనిమిదికి మూడు కలిపితే 11.

ఇప్పుడు మూడింటినీ ఒకేసారి స్టార్ట్ చేయండి. వయొలిన్, వయోలా మళ్లీ ఒకేసారి మొదలయ్యేది 63 సెకన్లకు. చెల్లో కూడా కలిసి ముగ్గురూ మళ్లీ మొదటి గీత దగ్గరకు వచ్చేది 7×9×11.. అంటే 693 సెకన్లకు. 11 నిమిషాల 33 సెకన్లు! మీరు పెట్టింది నాలుగు స్వరాలే. కానీ మీ 5 నిమిషాల పీస్‌లో మొత్తం ప్యాటర్న్ ఒక్కసారి కూడా పూర్తిగా రిపీట్ కాదు. ఈనో టేపులతో చేసిన పని వెనకున్న సూత్రం కూడా ఇదే.

ఎక్కువమంది చేసే తప్పులు

* కింది స్వరాలను గుమిగూర్చడం: బేస్, చెల్లో స్వరాల మధ్య ఎడం ఎక్కువ ఉండాలి. పైకి వెళ్లేకొద్దీ దగ్గరగా పెట్టొచ్చు. లేదంటే శబ్దమంతా బురదబురదగా ఉంటుంది.
* రివర్బ్ మరీ పోసేయడం: కూరలో ఉప్పు లాంటిది. బేస్‌కు తక్కువ, వయొలిన్‌కు, ఫ్లూట్‌కు ఎక్కువ ఇవ్వాలి.
* అన్నీ ఒకే వాల్యూమ్‌లో ఉంచడం: అసలు వయొలిన్ వాయించేవాళ్లు కమాను కదిలిస్తుంటే శబ్దం పెరిగి తగ్గుతుంది. ఆటోమేషన్‌లో వాల్యూమ్ గీతను అలా నెమ్మదిగా పైకి, కిందికి లాగితేనే స్ట్రింగ్స్‌కు ప్రాణం వస్తుంది.
* ట్యాబ్ స్పీకర్‌ను నమ్మడం: అందులో డబుల్ బేస్ సరిగా వినపడదు. హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, కారులో ఒకసారి విని చూడండి.

దుర్గం చెరువు గట్టున పొద్దున్నే పక్షుల కూతలు, కిటికీ అద్దం మీద వాన చప్పుడు.. ఇలాంటివి ఫోన్‌లో రికార్డ్ చేసి వెనక సన్నగా కలిపితే అది మన ఊరి సంగీతం అనిపిస్తుంది. ఆఫీసులో కొలీగ్స్ మాటలు మాత్రం రికార్డ్ చేయొద్దు.

అప్‌లోడ్‌కు ముందు.. హక్కులు ఎవరివి?

అసలు చిక్కు ఇక్కడే. యాప్‌లతో వచ్చే రెడీమేడ్ లూప్‌లను మీ పాటలో రాయల్టీ లేకుండా వాడుకోవచ్చు. కానీ అదే లూప్ ఇంకెందరో వాడుతుంటారు. అలాంటి ట్రాక్‌ను మీ ఒక్కరి సొత్తుగా యూట్యూబ్ కంటెంట్ ఐడీలో పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందులో ఉండే మెటీరియల్‌పై మీకు ప్రత్యేక హక్కు ఉండాలి. సొంత మోటిఫ్‌తో, మీరే వాయించి చేస్తే ఈ గొడవ ఉండదు.

మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం స్వరరచనకు ఒక హక్కు, రికార్డింగ్‌కు వేరే హక్కు ఉంటాయి. స్వరరచనపై హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా తేదీతో ఉన్న మొదటి వాయిస్ రికార్డింగ్‌ను, ప్రాజెక్ట్ ఫైల్‌ను దాచుకోండి. రేపు ఎవరైనా అడిగితే అదే మీ సాక్ష్యం.

టెకీలకు ఇంకో మాట. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు. ఇంట్లో కూర్చుని చేసిన మ్యూజిక్ ఆ లెక్కలోకి రాదు. కానీ కొన్ని ఆఫర్ లెటర్లలో నిబంధనలు చట్టం కంటే విశాలంగా ఉంటాయి. కంపెనీ ఇచ్చిన ట్యాబ్‌లో, ఆఫీసు టైమ్‌లో చేస్తే అనవసరంగా వివాదానికి చోటిచ్చినట్టే. డబ్బులు వచ్చే పని అయితే ఇంకా జాగ్రత్త అవసరం. 2022 సెప్టెంబరులో పోటీ కంపెనీలకు కూడా పనిచేస్తున్న 300 మందిని తొలగించినట్టు విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ చెప్పాక మూన్‌లైటింగ్‌పై పెద్ద చర్చే నడిచింది. మ్యూజిక్ పోటీ వ్యాపారం కాకపోవచ్చు. అయినా ఇతర ఆదాయానికి ముందస్తు అనుమతి కావాలని మీ లెటర్‌లో ఉందేమో చూసుకోండి. ఉంటే హెచ్‌ఆర్‌కు ఓ మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే మానిటైజేషన్ ఆన్ చేయండి.

ఏఐ ఉండగా ఈ శ్రమంతా ఎందుకు?

ఒక లైన్ టైప్ చేస్తే నిమిషంలో ట్రాక్ ఇచ్చే టూల్స్ వచ్చేశాయి. నిజమే. కానీ వాటి చుట్టూ హక్కుల పంచాయితీ నడుస్తూనే ఉంది. 2024 జూన్‌లో పెద్ద మ్యూజిక్ కంపెనీలు అమెరికాలో సూనో, యూడియో సంస్థలపై కేసులు వేశాయి. పైగా అలా వచ్చిన ట్రాక్‌లో ఏ స్వరం ఎందుకు పెట్టామో మనమే చెప్పలేం.

'గ ప ద ప' అని మీరే పాడి, వయోలా ఎక్కడ ఆగాలో మీరే తేల్చి, చెల్లోకు రెండు స్వరాలే చాలని మీరే అనుకున్న పీస్ మాత్రం పూర్తిగా మీది. అటకెక్కిన ఆ వయొలిన్‌ను దించే టైమ్ ఇప్పుడే దొరకకపోవచ్చు. రాయదుర్గం నుంచి ఇంటికి చేరే ఆ గంట మాత్రం రోజూ ఉంటుంది. ఈ రాత్రికి నాలుగు స్వరాలు రికార్డ్ చేసి పెట్టుకోండి. రేపు పొద్దున గుర్తున్నాయో లేదో చూడండి.