సప్తర్షుల్లో గుడ్డెలుగు

ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు వెళ్తుంటే కిన్నెరసాని అడవి మొదలవుతుంది. శ్రీరామనవమి రోజుల్లో అక్కడ తెల్లవారుజామున ఇప్పపూలు రాలిన సంగతి కంటికన్నా ముందు ముక్కుకే తెలుస్తుంది. చెట్టు కింద లేత పసుపు పూలు, కండ పట్టి, తేనె బరువుతో పరుచుకుని ఉంటాయి. గంపలతో కోయ ఆడవాళ్లు వచ్చేసరికే ఒక్కోసారి గుడ్డెలుగు తినిపోయిన జాడ కనిపిస్తుంది.

ఆ ఎలుగు చెదలపుట్ట దగ్గర చేసే పని చూడాలి. గోళ్లతో పుట్ట తవ్వి, మూతి లోపల పెట్టి, ముందు మట్టిని ఉఫ్ఫున ఊదేస్తుంది. దుమ్ము పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకుని, పెదవులు గొట్టంలా చాచి చెదల్ని జుర్రుకుంటుంది. పై దవడలో ముందుపళ్లు రెండు ఉండవు, ఆ సందే దానికి దారి. ఆ జుర్రే చప్పుడు వంద గజాల దూరానికీ వినిపిస్తుంది.

లేని ఆ పళ్లే దాని పేరును తారుమారు చేశాయి. 1791లో జార్జ్ షా అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఆ పళ్ల ఖాళీనీ పొడవాటి గోళ్లనూ చూసి, దీన్ని దక్షిణ అమెరికాలో కొమ్మలకు వేలాడే స్లాత్‌గా పొరబడ్డాడు. 'బ్రాడిపస్ అర్సినస్' అన్నాడు. అంటే ఎలుగులాంటి స్లాత్. సాక్షాత్తూ ఎలుగే అది! తర్వాత తప్పు దిద్ది 'మెలర్సస్', తేనె ఎలుగు, అన్నారు కానీ వెనక 'అర్సినస్' అలాగే ఉండిపోయింది. ఇంగ్లీషులో 'అర్సైన్' అనే విశేషణం ఆ లాటిన్ మాట నుంచి వచ్చిందే.

'అర్సినస్'కు మూలమైన లాటిన్ 'ఉర్సస్', గ్రీకు 'ఆర్క్టోస్', సంస్కృత 'ఋక్షం' అన్నీ ఎలుగుకు పేర్లే, ఒకే వేరు నుంచి పుట్టిన మాటలు. జాంబవంతుణ్ణి ఋక్షరాజని పిలుచుకునే భద్రాద్రి వాళ్లకు ఈ చుట్టరికం తెలిస్తే ఎంత సంబరమో! సప్తర్షి మండలంలో గ్రీకులు ఆడ ఎలుగును చూశారు. ఆ ఎలుగున్న దిక్కు ఆర్కిటిక్, దానికి ఎదురు దిక్కు అంటార్కిటిక్ అయ్యాయి. మన శతపథ బ్రాహ్మణం కూడా సప్తర్షులను పూర్వం ఋక్షాలనేవారని చెబుతుంది.

ఏప్రిల్‌లో నాలుగింటికి లేచి ఇప్పపూలకు బయల్దేరితే ఆ ఏడు చుక్కలు వాయవ్యాన వాలుతూ కనిపిస్తాయి. ఆ వేళకే తల్లి ఎలుగు పిల్లల్ని వీపున ఎక్కించుకుని రాతిగుట్టల వైపు మళ్లుతుంటుంది.