పాత డెస్క్‌టాప్ ఓవర్‌క్లాక్ చేయించే ముందు ఈ లెక్క చూడండి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు చాలా ఇళ్లలో పాత డెస్క్‌టాప్‌లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. పిల్లల చదువుకూ షాపు లెక్కలకూ అవే. ధర్మవరంలో అయితే పట్టుచీరల డిజైన్లకూ అవే. స్లో అయిందనగానే ఎవరో ఒకరు "ఓవర్‌క్లాక్ చెయ్ భాయ్, పైసా ఖర్చు లేదు" అంటారు.

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం దాటించి నడపడం. 2009 నాటి ఇంటెల్ కోర్ 2 డుయో ఈ7500 సంగతే చూద్దాం. బోర్డు ఇచ్చే క్లాక్ 266 మెగాహెర్ట్జ్. దాన్ని ప్రాసెసర్ 11తో గుణిస్తే 2.93 గిగాహెర్ట్జ్. ఆ 11ను పెంచనివ్వదు కాబట్టి బయోస్‌లో 266ను 303 చేస్తారు. వేగం 3.33కు చేరుతుంది, అంటే 14 శాతం లాభం.

అంత వేగానికి మిషన్ నిలబడకపోతే వోల్టేజ్ కూడా పెంచుతారు. చిక్కంతా ఇక్కడే. వోల్టేజ్ కొంచెం పెరిగినా వేడి దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 1.2 వోల్టులను 1.35 చేస్తే, వేగం కూడా కలిపి వేడి దాదాపు 44 శాతం ఎక్కువ. మే నెలలో రేకుల గదిలో, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో, పదేళ్ల ఎస్‌ఎంపీఎస్‌తో ఇది ఆడుకునే ఆట కాదు. మిషన్ ఆగిపోతే కనీసం తెలుస్తుంది. ఆగకుండా లోపల తప్పులు చేస్తూ పోతే, వారం రోజులు కూర్చుని వేసిన డిజైన్ ఫైలే తెరుచుకోకపోవచ్చు.

2011 తర్వాతి ఐ3, ఐ5లు చాలావరకు ఈ పనికి లొంగవు. పేరు చివర 'కె' ఉండాలి, బోర్డూ ఒప్పుకోవాలి. ఇంకో మాట: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. వేగం ఎంత పెంచినా ఈ పాత ప్రాసెసర్లు విండోస్ 11 జాబితాలోకి రావు.

అసలు స్లో అవడానికి కారణం ఎక్కువసార్లు పాత హార్డ్ డిస్కే. ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ పెంచి, దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్పిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

అయినా చేసి చూస్తామనే కుర్రాళ్లు ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. వోల్టేజ్ ముట్టుకోకుండా ఐదేసి మెగాహెర్ట్జ్ చొప్పున పెంచి, ప్రతిసారీ టెంపరేచర్ చూసుకోవాలి. స్క్రీన్ రాకపోతే ప్లగ్ పీకేసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని కాసేపు తీసి పెట్టండి. బయోస్ మళ్లీ పాత సెట్టింగులకు వస్తుంది.