తెగిపోవుచున్న వైఫై: దోషము ఏ లంకెలో?

లాప్‌టాపులో వీడియో పాఠము నడుచుచుండును. ఇంతలో బొమ్మ నిలిచిపోవును. ఒక నిమిషమునకు దానంతట అదియే వచ్చును, మరల పోవును. పరీక్ష రుసుము చెల్లింపవలసిన చివరి దినమున ఇట్లు జరిగినచో విద్యార్థి పడు ఆందోళన ఇంతింత కాదు. అప్పుడు ఇంటిల్లిపాదియు చేయు పని ఒక్కటే: రౌటరును ఆర్పి వెలిగింతురు, లాప్‌టాపును ఆర్పి వెలిగింతురు, కనిపించిన అమరికలన్నిటిని ఒకేసారి మార్చుదురు. సంబంధము కుదిరినను దేనివలన కుదిరినదో తెలియదు. మరునాడు కథ మొదటికి వచ్చును. కొందరు కొత్త రౌటరు కొని, దోషము అట్లే ఉండుట చూచి, కొత్త లాప్‌టాపు కూడ కొందురు.

ఈ ఖర్చు పెక్కుసార్లు అనవసరము. లాప్‌టాపు నుండి బయటి ప్రపంచమునకు పోవు మార్గము ఒక గొలుసు వంటిది. లాప్‌టాపునకు, రౌటరుకు నడుమ గాలిలో సాగు రేడియో తరంగములు మొదటి లంకె. రౌటరు నుండి సేవాసంస్థ కార్యాలయము వరకు పోవు గాజుతంతువు లేక రాగితీగ రెండవ లంకె. తెగినది ఏ లంకెయో తెలియకముందు దేనిని ముట్టుకొన్నను చీకటిలో వెదకులాటయే.

సులభమైన పరీక్ష ఒకటి గలదు. లాప్‌టాపు ప్రక్కనే ఒక ఫోనును అదే వైఫైకి కలిపి ఉంచవలెను. ఫోనులో మొబైల్ డేటాను తప్పక ఆపవలెను. లేనిచో వైఫై పోయినపుడు ఫోను చడీచప్పుడు లేక దానిలోనికి మారి, మనలను మోసగించును. రెండును ఒకేసారి ఆగినచో లాప్‌టాపు నిర్దోషి యనుకొనవచ్చును.

ఇంతకన్న నిశితమైనది పింగ్ పరీక్ష. సముద్రములో ధ్వనిని పంపి ప్రతిధ్వనిని వినెడి సోనార్ చప్పుడును బట్టి, 1983లో మైక్ మూస్ అను అమెరికను తన చిన్న ప్రోగ్రాముకు ఈ పేరు పెట్టెను. విండోస్ గల లాప్‌టాపులో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, ఐపీకాన్ఫిగ్ అని ఖాళీ లేకుండ టైపు చేసినచో, డిఫాల్ట్ గేట్‌వే అనుచోట రౌటరు చిరునామా కనబడును. పెక్కు ఇండ్లలో అది 192.168.1.1 లేక 192.168.0.1 అయి ఉండును. పింగ్ అని వ్రాసి, ఖాళీ విడిచి ఆ సంఖ్యను, మరల ఖాళీ విడిచి అడ్డగీతతో టీ అను చిన్న అక్షరమును చేర్చవలెను. లాప్‌టాపు సెకనుకొకసారి రౌటరును పిలుచుచు, జవాబు రాగానే పట్టిన కాలమును మిల్లీసెకన్లలో తెలుపును. రెండవ కిటికీలో ఇట్లే 8.8.8.8 అను గూగుల్ చిరునామాను పిలువవలెను. తెగిన క్షణమున రౌటరు పలుకుచు 8.8.8.8 పలుకనిచో దోషము రౌటరుకు ఆవల ఉన్నది. రౌటరే పలుకనిచో చాలవరకు మొదటి లంకెనే శంకింపవలెను.

ఈ మొదటి లంకె ఎంత సున్నితమైనదో చూడుడు. ఇంటి రౌటరు ప్రసరించు శక్తి వాట్టులో సుమారు పదవ వంతు. దూరపు గదిలోని లాప్‌టాపునకు చేరునది అందులో వంద కోట్లలో ఒక వంతు మాత్రమే కావచ్చును. అంత స్వల్పశక్తి నుండి కూడ అది పాఠమును చదువుకొనగలుగుట అద్భుతమే. రౌటరు సెకనుకు సుమారు పదిసార్లు తన ఉనికిని ప్రకటించుచుండును. ఆ ప్రకటనలు వరుసగా వినబడనిచో లాప్‌టాపు, రౌటరు లేదని తలచి సంబంధము వదలుకొనును.

అడ్డుపడువాటిలో మన ఇండ్లలో మొదటిది ఇనుప బీరువా. లోహము తరంగములను వెనుకకు త్రిప్పును. ఇనుపకడ్డీల కాంక్రీటు స్లాబు, నీటితొట్టి తరువాతివి. గోడలనుండి పరావర్తనము చెందిన తరంగములు నేరుగా వచ్చిన తరంగములతో కలిసి ఒకచోట బలపడును, మరొకచోట ఒకదానినొకటి చంపుకొనును. 2.4 గిగాహెర్ట్‌జుల వద్ద తరంగదైర్ఘ్యము పన్నెండున్నర సెంటీమీటర్లు. కావున లాప్‌టాపును జానెడు జరిపినంతనే సంబంధము నిలబడుట వింతకాదు.

ఇరుగుపొరుగు రౌటర్లు మరియొక చిక్కు. మన దేశమున 2.4 గిగాహెర్ట్‌జుల పట్టీని 2005 నుండి, 5 గిగాహెర్ట్‌జుల వద్ద విశాలమైన భాగమును 2018 నుండి లైసెన్సు లేకుండ వాడుకొనవచ్చును. కావున ఎవరినీ పొమ్మనుటకు వీలులేదు. మొదటి పట్టీలో చానళ్లు ఐదేసి మెగాహెర్ట్‌జుల ఎడముతో ఉండును గాని, ఒక్కొక్క ప్రసారము సుమారు ఇరువది మెగాహెర్ట్‌జులు ఆక్రమించును. ఒకదానిపై ఒకటి పడకుండ వాడదగినవి 1, 6, 11 మాత్రమే. పొరుగువాడు 6లో ఉన్నాడని తాను 8కి పోవుట తెలివి అనిపించును, కాని కాదు. ఒకే చానలులో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులు వేసుకొనును. సగము కప్పుకొన్న చానలులో పొరుగు మాట అర్థముకాని రొద మాత్రమే.

మైక్రోవేవ్ పొయ్యి పనిచేయునది కూడ 2.45 గిగాహెర్ట్‌జుల వద్దనే. (నీటి అణువులు ప్రత్యేకముగ ఈ పౌనఃపున్యము వద్దనే అనునాదము చెందునని కొన్ని పుస్తకములలో కనబడుమాట సరికాదు.) దాని తలుపు సందున వచ్చు స్వల్పాంశము కూడ రౌటరు సంకేతమును ముంచివేయగలదు. పింగ్ నడుచుచుండగా ఒక కప్పు నీటిని రెండు నిమిషములు కాచి చూచినచో ఈ సంగతి తేలిపోవును. బయటి డిస్కును యూఎస్‌బీ 3.0 తీగతో తగిలించినపుడు మాత్రమే తెగుచున్నచో, ఆ తీగ వెలువరించు రొదయే కారణము కావచ్చును. ఇంటెల్ సంస్థ 2012లోనే దీనిని వివరించినది. ఈ చిక్కులన్నిటికి 5 గిగాహెర్ట్‌జుల పట్టీకి మారుట మంచి ఉపాయమే గాని, అది గోడలను దాటుటలో బలహీనము.

ఫోను చక్కగా పనిచేయుచు లాప్‌టాపు ఒక్కటే తెగుచున్నచో దానిలోనే చూడవలెను. బ్యాటరీని పొదుపు చేయుటకై విండోస్ కొన్నిసార్లు వైఫై పరికరమును నిద్రపుచ్చును. డివైస్ మేనేజరులో ఆ పరికరపు పవర్ మేనేజ్‌మెంట్ పుట తెరచి, ఆ అనుమతి గుర్తును తీసివేయవచ్చును. పిమ్మట తయారీదారు ఇచ్చిన కొత్త డ్రైవరు. పెక్కు లాప్‌టాపులలో యాంటెన్నాలు తెర చుట్టును ఉండి, వాటి తీగలు కీలు గుండా పోవును. మూత కదిపినపుడే తెగుచున్నచో ఆ తీగ నలిగినదేమో మరమ్మతుదారు చూడవలెను. ఒక దినమునకు ఒక్క మార్పు మాత్రమే చేసి, తెగిన వేళలు వ్రాసికొనవలెను.

రెండవ లంకెయే తెగుచున్నదని తేలినచో ఆ వేళల కాగితమే సేవాసంస్థకు ఈయదగిన సాక్ష్యము. గాజుతంతువు వచ్చు పెట్టెపై ‘లాస్’ అను దీపము ఎర్రగా వెలిగినచో కాంతి చేరుటలేదని అర్థము. తంతువు ఎచటనైన తెగియుండును, లేక బల్ల వెనుక మరీ బిగువుగా వంగియుండును. వంగినదానిని మెల్లగా సరిచేయుట మాత్రము ఇంటివారి పనియే.