నటరాజా సర్వీసు నడిచే దారి

ఉదయం తొమ్మిది దాటాక హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద షట్టర్లు ఒక్కొక్కటే పైకి లేస్తుంటాయి. బట్టల షాపులు, చెప్పుల షాపులు, గాజుల కొట్లు. వాటి మెట్ల మీద టిఫిన్ డబ్బా సంచి ఒళ్లో పెట్టుకుని మేనేజర్ కోసం ఎదురుచూసే అమ్మాయిల్లో బస్సు దిగి వచ్చినవాళ్లు కొందరే. చాలామంది సరూర్‌నగర్ నుంచో, గడ్డిఅన్నారం నుంచో, కొత్తపేట గల్లీల నుంచో నడిచి వచ్చినవాళ్లు. ఎట్లొచ్చినవని అడిగితే ‘నటరాజా సర్వీసే’ అంటారు.

కాలినడకకు తెలుగువాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు అది. కొందరు పదకొండో నంబరు బస్సు అని కూడా అంటారు, రెండు కాళ్లూ పక్కపక్కన నిలబడితే పదకొండు అంకెలా ఉంటాయి కాబట్టి. ఈమధ్య నడక అనగానే పార్కు, బూట్లు, చేతి గడియారంలో అడుగుల లెక్క గుర్తొస్తున్నాయి. పనికి నడిచి వెళ్లేవాళ్ల సంగతి ఆ మాటలోంచి జారిపోయింది. వాళ్లేమీ గుప్పెడు మంది కాదు. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవాళ్లు దేశంలో సుమారు 20 కోట్ల మంది అని తేలితే, వాళ్లలో ఐదో వంతుకు పైగా పనికి నడిచే వెళ్లేవాళ్లు. బస్సుకో మెట్రోకో ముందూ వెనకా నడిచేవాళ్లు ఈ లెక్కలో లేరు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తాకు దాదాపు 4 కిలోమీటర్లు. మెట్రోలో అయితే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్ అని నాలుగు స్టేషన్లు, పది నిమిషాల లోపు ప్రయాణం. నడిస్తే ముప్పావు గంట నుంచి గంట. ఈ దారి ఆగ్నేయంగా సాగుతుంది. అందుకే చలికాలంలో పొద్దున ఎల్బీనగర్ వైపు నడిచేవాళ్లకు ఎండ సూటిగా మొహాన కొడుతుంది. ఎండాకాలంలో సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌కు తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే తంతు. చున్నీ తల మీదుగా లాక్కునో, చేతిరుమాలు నుదుటికి అడ్డం పెట్టుకునో సాగిపోతారు. పైన అంత పెద్ద మెట్రో వంతెన ఉన్నా, దాని నీడ మిట్టమధ్యాహ్నం రోడ్డు నడిమధ్య డివైడర్ మీద, బండ్ల మీద పడుతుంది. అంచున నడిచేవాళ్లకు అందదు.

అసలు ఇది విజయవాడ హైవే. ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి. ఊరు దాటి పోయే లారీలు, బస్సుల కోసం వేసిన దారికి అటూ ఇటూ కాలనీలు పుట్టుకొచ్చాయి, కాలనీలకు బజారు వచ్చింది, బజారుకు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు తోడయ్యాయి. మున్సిపాలిటీగా ఉన్న ఎల్బీనగర్ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైంది. ఇంత జరిగినా రోడ్డు స్వభావం మాత్రం హైవేదే. బండి ఎంత వేగంగా పోవాలన్న లెక్క ముందు, మనిషి ఎక్కడ అడుగు పెట్టాలన్నది తర్వాత.

కొత్తపేట దగ్గర ఒక వంద అడుగులు గమనిస్తూ నడిస్తే విషయం అర్థమవుతుంది. ఫుట్‌పాత్ ఎక్కగానే కరెంటు స్తంభం. దాన్ని తప్పించుకుంటే ఒక షాపు ర్యాంపు ఏటవాలుగా రోడ్డు దాకా దిగి ఉంటుంది. దాని పక్కన వరసగా స్కూటర్లు. వాటి మధ్య సందులోంచి ఒళ్లు పక్కకు తిప్పుకుని దూరాలి, సంచి ఉంటే ముందుకు పట్టుకోవాలి. తర్వాత ఒక పలక కదులుతుంటుంది. వాన పడిన మర్నాడు దాని మీద కాలు వేస్తే కింది నీళ్లు చీర కుచ్చిళ్ల దాకా చిమ్ముతాయి. రోజూ నడిచేవాళ్లకు ఆ పలక ఎక్కడుందో తెలుసు, అక్కడ అడుగు దానంతట అదే పెద్దదవుతుంది. ఇన్ని తిప్పలు దేనికని కిందికి దిగితే వెనక నుంచి ఆటో హారన్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎదురుబదురుగా రెండు చక్రాల కుర్చీలు తప్పుకోగలిగే కొలత అది. ఈ దారిలో ఎదురుబదురుగా ఇద్దరు మనుషులు వస్తే ఒకరు ఆగాల్సిందే.

తోపుడు బండ్లవాళ్లను తీసేస్తే చాలు, ఫుట్‌పాత్ ఖాళీ అవుతుందని తరచూ వినిపిస్తుంది. ఆ మాట అనేముందు చీకటి పడ్డాక ఇక్కడ నడిచి చూడాలి. షాపులు మూసేశాక ఆ బండ్ల లైట్ల వెలుగులోనే ఆడవాళ్లు ధైర్యంగా ఇంటికి పోతారు. మిర్చి బండి దగ్గర నలుగురు నిలబడి ఉంటే ఆ మలుపు భయంగా ఉండదు. పైగా పది రూపాయల అరటిపండ్లు, రబ్బరు బ్యాండ్లు, కొత్తిమీర కట్ట కొనేది నడిచేవాళ్లే, కారువాళ్లు కాదు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం వాళ్లను సర్వే చేసి చోటు చూపమనీ, అందుకు టౌన్ వెండింగ్ కమిటీలు వేయమనీ చెప్పింది. బండికి గీత గీసి, నడకకు దారి వదిలితే ఇద్దరికీ చోటుంటుంది. ఎటు తిరిగీ ఎక్కువ జాగా తినేది నిలిపి ఉంచిన వాహనాలు. వాటి జోలికి పోవడం కష్టం కాబట్టి బండ్ల మీద పడతారు.

రోడ్డు దాటడం ఇంకో కథ. మెట్రో స్తంభాల పొడుగునా డివైడర్, కంచె. దాటే చోటు కోసం వెతుక్కుంటూ వెళ్లాలి. ఒక ముసలమ్మ కుడి అరచెయ్యి బండ్ల వైపు చాపి, చూపు మాత్రం అవతలి గట్టు మీదే ఉంచి గబగబా దాటుతుంది. ఆమె వెనక ముగ్గురు కాలేజీ పిల్లలు, ఆ చెయ్యే సిగ్నల్ అన్నట్టు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వాళ్లలో 32,825 మంది పాదచారులని కేంద్ర రవాణా శాఖ లెక్క చెబుతోంది. రోజుకు దాదాపు 90 మంది. తెలిసినవాళ్లు మెట్రో స్టేషన్ మెట్లెక్కి, టికెట్టు గేట్ల దాకా పోకుండానే అవతలి వైపు దిగిపోతారు. దానికి డబ్బు అక్కర్లేదు. రైలెక్కని ఎంతోమందికి మెట్రో చేసిన మేలు ఇదేనేమో.

రైలెక్కకపోవడానికి కారణం డబ్బే. 2025 మేలో మెట్రో చార్జీలు పెరిగి, తగ్గింపు పోగా కనీస టికెట్టు 10 రూపాయల నుంచి 11 అయింది. రెండు స్టేషన్లకు రాకపోకల కింద నెలకు ఐదారు వందలు పెట్టడమంటే చిన్న జీతంలో అది గ్యాసు బండ ధరలో సగానికి పైనే. ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీలో ప్రయాణం ఉచితం. అది పెద్ద ఊరట, దూరపు కాలనీల నుంచి పనికి రాగలిగేవాళ్లు పెరిగారు. ఆ బస్సెక్కడానికైనా స్టాపు దాకా నడవాలిగా.

నడిచి పనికి పోగలగడం కాళ్ల సత్తువను బట్టే ఉండదు, పని ఎక్కడుందన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌నే తీసుకోండి. 1980ల నుంచి కొత్తపేటలో సాగింది. మామిడి సీజన్‌లో వాసన రోడ్డు దాకా వచ్చేది. హమాలీలు, గ్రేడింగ్ చేసేవాళ్లు, పండ్లు ఏరే ఆడవాళ్లు చుట్టుపక్కల బస్తీల్లోనే అద్దెకుండి చీకటితో లేచి నడిచొచ్చేవాళ్లు. 2021లో మార్కెట్‌ను అబ్దుల్లాపూర్‌మెట్ అవతల బాటసింగారానికి తరలించారు. ఆ స్థలంలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కడుతున్నారు. లారీల రద్దీ తగ్గింది, ఆసుపత్రి కావలసిందే. కానీ తెల్లవారుజామున నాలుగింటికి పది నిమిషాల్లో పనిలో ఉండే మనిషికి ఒక్కసారిగా అది ఊరి బయట పనైపోయింది. షేర్ ఆటో కోసం ఎదురుచూపు, చార్జీ, నిద్ర తగ్గడం.

షాపు పనివాళ్లకు ఇంకో బరువుంది. పొద్దున నడక మొదలైనప్పటి నుంచి రాత్రి నడక ముగిసేదాకా కాళ్లకు విశ్రాంతి ఉండదు, కౌంటర్ వెనక రోజంతా నిలబడే ఉండాలి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టాలు సవరించి, ఉద్యోగులకు కూర్చునే వీలు కల్పించాలని రాశాయి. అన్ని గంటలు నిలబడ్డ మనిషికి రాత్రి కిలోమీటరున్నర దూరం, పొద్దున నడిచిన దూరంతో సమానం కాదు.

ఇలా పనుల మీద తిరిగే దిల్‌సుఖ్‌నగర్ సాయంత్రపు రద్దీ ఎంత అమాయకమైనదో 2013 ఫిబ్రవరి 21న ఈ నగరం చూసింది. కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర ఏడు గంటల వేళ, కొద్ది నిమిషాల తేడాతో సైకిళ్లకు కట్టిన రెండు బాంబులు పేలాయి. 18 మంది పోయారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, టిఫిన్ తినడానికి వచ్చినవాళ్లు, గదికి నడిచి పోతున్న విద్యార్థులు. కొన్నాళ్లకే అదే చోట మళ్లీ అదే కిటకిట. వేరే దారి ఎవరికుంది?

2025 మే 14న సుప్రీంకోర్టు, అడ్డంకుల్లేని ఫుట్‌పాత్‌ల మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, రాష్ట్రాలు మార్గదర్శకాలు తేవాలని ఆదేశించింది. ఇక్కడ బండ్ల కోసమైతే ఎల్బీనగర్ చుట్టూ 2018 నుంచి 2023 మధ్య ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు ఒకటి తర్వాత ఒకటి తెరుచుకున్నాయి. బండ్లు ఆగకుండా పోతున్నాయి. చౌరస్తా మొత్తం చుట్టి నడిచేవాడికి కూడా అంత శ్రద్ధతో ఒక గీత గీయడం, ఒక దీపం పెట్టడం ఆ కాంక్రీటు ముందు ఎంత ఖర్చని?

రాత్రి తొమ్మిదిన్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్లు దిగుతాయి. అమ్మాయిలు ముగ్గురు నలుగురుగా జట్టు కట్టి బయల్దేరతారు. ఎవరి గల్లీ ముందొస్తే వాళ్లు ఆగిపోతారు, మిగతావాళ్లు ఆమె లోపలికి మలుపు తిరిగేదాకా చూసి కదులుతారు. చివరి అమ్మాయి ఫోన్ చెవికి పెట్టుకుని, అమ్మతో మాట్లాడుతూ, ఆ కదిలే పలక దగ్గర పెద్ద అడుగు వేస్తుంది.